ఇండోర్ లాంచ్ మానిటర్‌కి ఏ గోల్ఫ్ బంతి వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

గదిలో నెట్ కట్టుకుని, లాంచ్ మానిటర్ (కొట్టిన బంతి వేగం, కోణం, స్పిన్ చెప్పే యంత్రం) పెట్టుకుని గోల్ఫ్ ప్రాక్టీస్ చేసేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. చాలామంది యంత్రం ఎంపిక కోసం నెలల తరబడి ఆలోచిస్తారు, తీరా దాని ముందు పెట్టేది మాత్రం బ్యాగులో అడుగున దొరికిన ఏదో ఒక బంతి. ఆ బంతి గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

బంతి ఏదైతే ఏంటి? కొలిచేది యంత్రం కదా?

యంత్రమే కొలుస్తుంది, కానీ కొలవడానికి దానికి ఏదో ఒకటి కనబడాలి. బంతి వేగం, ఎంత కోణంలో లేచింది, కుడికి వెళ్ళిందా ఎడమకి వెళ్ళిందా అన్నవి ఏ బంతితోనైనా బాగానే కనబడతాయి. చిక్కంతా స్పిన్ దగ్గరే. బంతి ఎంత వేగంగా తన చుట్టూ తాను తిరుగుతోందో చెప్పడం, అందులోనూ గదిలో ఉన్న నాలుగడుగుల దూరంలో చెప్పడం, యంత్రానికి చాలా కష్టమైన పని. ప్రత్యేకమైన బంతులు వచ్చింది ఈ ఒక్క పని కోసమే. మిగతా అంకెలు ఆ బంతుల వల్ల మెరుగవుతాయని ఎవరైనా చెబితే నేను నమ్మను.

రాడార్ యంత్రానికి స్పిన్ ఎందుకు కనబడదు?

ఈ యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు, రాడార్‌తో చూసేవి, కెమెరాతో చూసేవి. రాడార్‌తో మొదలుపెట్టి, ముందు వేగం సంగతి చూద్దాం. రాడార్ ఒక తరంగాన్ని పంపుతుంది, అది బంతికి తగిలి వెనక్కి వస్తుంది. బంతి దూరంగా వెళ్తోంది కాబట్టి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం కాస్త తగ్గుతుంది. అంబులెన్స్ మనల్ని దాటి వెళ్ళాక సైరన్ గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తుంది చూశారా, అదే సూత్రం. దీన్ని 1842లో డాప్లర్ వివరించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తాం. 24 గిగాహెర్ట్జ్ రాడార్ ముందు బంతి సెకనుకి 70 మీటర్ల వేగంతో వెళ్తే ఆ తేడా సుమారు 11,200 హెర్ట్జ్ ఉంటుంది. ఇది స్పష్టమైన సంకేతం, చవక పరికరం కూడా పట్టేస్తుంది.

స్పిన్ అలా కాదు. బాగా నున్నగా, ఒకే రంగులో ఉన్న బొంగరం నిటారుగా తిరుగుతుంటే దూరం నుంచి చూసేవాళ్ళకి అది తిరుగుతోందో, నిలబడి ఉందో తెలియదు. దాని మీద ఒక్క సున్నం చుక్క పెట్టండి, వెంటనే తెలిసిపోతుంది. గోల్ఫ్ బంతి ఆ నున్నటి బొంగరం లాంటిది. తయారీదారులు దాన్ని ఎటు తిప్పినా ఒకేలా ఎగిరేలా చేయడానికి నానా తంటాలు పడతారు. డింపుల్స్‌ని, అంటే బంతి మీదుండే చిన్న గుంటల్ని, అన్ని వైపులా సమంగా పరుస్తారు, లోపలి కోర్ సరిగ్గా మధ్యలో ఉండేలా చూస్తారు. బంతి ఎగరడానికి ఇది వరం, రాడార్‌కి మాత్రం శాపం. ఎటు తిరిగినా ఒకేలా ఉండే వస్తువు నుంచి ఎప్పుడూ ఒకేలాంటి ప్రతిధ్వనే వస్తుంది.

అయినా నూటికి నూరు శాతం సమానమైన బంతి ఎక్కడా ఉండదు. అచ్చు అతికిన చోట, పొరల మందంలో ఎంతో కొంత తేడా ఉంటుంది. బంతి చుట్టు తిరిగిన ప్రతిసారీ ఆ తేడా వల్ల ప్రతిధ్వనిలో సన్నటి అల ఒకటి వస్తుంది. రాడార్ వెతికేది దాన్నే.

బయట మైదానంలో అదే రాడార్ స్పిన్‌ని బాగా చెబుతుంది కదా? గదిలోనే ఎందుకు తడబడుతుంది?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఆ సన్నటి అలని గోల మధ్యలోంచి వేరు చేయాలంటే అది చాలాసార్లు తిరిగి తిరిగి రావాలి. మైదానంలో బంతి ఐదారు సెకన్లు గాల్లో ఉంటుంది, డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) షాట్ అయినా ఆలోపు రెండు వందల చుట్లకు పైగా తిరుగుతుంది. అన్ని చుట్లు చూశాక రాడార్ ధైర్యంగా ఒక అంకె చెప్పగలదు.

గదిలో ఏమవుతుందో లెక్క వేద్దాం. బంతికీ, దాన్ని ఆపే స్క్రీన్‌కీ మధ్య 3 మీటర్లు ఉందనుకోండి. లాంచ్ మానిటర్లు చేసే ట్రాక్‌మ్యాన్ కంపెనీ చాలాకాలం ప్రచారంలో ఉంచిన పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీలు) సగటుల ప్రకారం డ్రైవర్ బంతి వేగం గంటకు 167 మైళ్ళు, స్పిన్ నిమిషానికి 2,686 చుట్లు. ఆ వేగంతో 3 మీటర్లు దాటడానికి పట్టే సమయం సెకనులో పాతికో వంతు. అంతలో బంతి తిరిగేది 1.8 చుట్లు. రెండు కూడా పూర్తి కాలేదు! అదే సగటుల్లో మధ్య దూరాలకి వాడే 7 ఐరన్‌కి వేగం 120 మైళ్ళు, స్పిన్ 7,097. దాన్ని లెక్కిస్తే ఆరున్నర చుట్లు వస్తాయి. దగ్గరి షాట్లకి వాడే పిచింగ్ వెడ్జ్‌కి 102 మైళ్ళు, 9,304 చుట్లు. స్క్రీన్ తగిలేలోపు పది దాటుతాయి.

అంటే గదిలో రాడార్‌కి అన్నిటికన్నా కష్టమైన క్లబ్ డ్రైవర్, సులువైనది వెడ్జ్. మనమేమో సరిగ్గా డ్రైవర్ స్పిన్ గురించే ఎక్కువ టెన్షన్ పడతాం, షాఫ్టులు (క్లబ్ కర్రలు) మారుస్తాం, లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) మారుస్తాం. రెండు చుట్లు కూడా చూడని యంత్రం చెప్పిన మాట మీద అంత ఖర్చు పెట్టేముందు ఒకసారి ఆలోచించాలి.

మరి స్పిన్ కనబడకపోతే తెర మీద అంకె ఎలా వస్తోంది?

అంచనా వేస్తుంది. బంతి వేగం, లేచిన కోణం, కొన్ని యంత్రాల్లో క్లబ్ వేగం, మీరు ఎంచుకున్న క్లబ్ పేరు, వీటన్నిటినీ కలిపి మామూలుగా ఇలాంటి షాట్‌కి స్పిన్ ఇంత ఉంటుంది అని ఒక సూత్రంతో లెక్కగడుతుంది. మోసమేమీ లేదు, చాలా పరికరాల మాన్యువల్‌లో ఆ సంగతి రాసే ఉంటుంది. కొన్ని యంత్రాలు కొలిచిన అంకెని మామూలు అక్షరాల్లో, అంచనా అంకెని వాలు అక్షరాల్లో చూపిస్తాయి. కొన్నిట్లో పక్కన చిన్న గుర్తు ఉంటుంది. కొన్ని ఏ తేడా చూపించవు, వాటితోనే జాగ్రత్తగా ఉండాలి.

అంచనా వల్ల వచ్చే నష్టం ఏంటంటే, అది మీ షాట్‌ని సగటు షాట్‌గా మార్చేస్తుంది. మీరు క్లబ్ ముఖం మధ్యలో కొట్టారా, కింది అంచుతో కొట్టారా అన్నది దానికి పట్టదు. మీ స్వింగ్‌లో ఉన్న లోపమే స్పిన్‌ని పెంచుతుంటే సరిగ్గా ఆ లోపాన్నే అది దాచిపెడుతుంది.

ఆర్‌సీటీ అని రాసి ఉన్న బంతుల్లో ఏముంటుంది?

ఇందాక చెప్పిన సున్నం చుక్కే, కాకపోతే లోపల ఉంటుంది. బంతుల కంపెనీ టైట్‌లిస్ట్ 2022లో ప్రో వీ1, ప్రో వీ1ఎక్స్ బంతులకి ఈ రకాన్ని తెచ్చింది. పూర్తి పేరు రాడార్ క్యాప్చర్ టెక్నాలజీ. బయటి కవర్ కింద, రాడార్ తరంగాన్ని గట్టిగా తిప్పికొట్టే ఒక గుర్తు వేస్తారు. బంతి తిరిగే కొద్దీ ఆ గుర్తు రాడార్‌కి ఒకసారి ఎదురుగా, ఒకసారి చాటుగా వస్తుంది. దాంతో ప్రతిధ్వని స్పష్టంగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. సన్నటి అల బదులు పెద్ద కెరటం దొరుకుతుంది కాబట్టి ఒకటి రెండు చుట్లలోనే యంత్రం లెక్క కట్టగలదు.

గుర్తు కవర్ కింద ఉండడంలోనే తెలివి ఉంది. డింపుల్స్ చెడవు, గాలి ప్రవాహం మారదు, క్లబ్ ముఖానికి తగిలే పదార్థం మారదు. మామూలు ప్రో వీ1కీ దీనికీ ఆటలో తేడా ఉండదని కంపెనీ మాట. ఒక నిజమైన లాభం ఇక్కడే ఉంది. మైదానంలో మీరు వాడే మోడల్ ఇదే అయితే, గదిలో కూడా అదే బంతి స్పిన్‌ని చూస్తారు. మైదానంలో వేరే మోడల్ వాడుతూ గదిలో దీన్ని కొడితే యంత్రం కొలత సరిగ్గానే ఉంటుంది, కానీ అది మీ బంతి కొలత కాదు.

నాది కెమెరా యంత్రం. నాకు ఆర్‌సీటీ పనికొస్తుందా?

పనికి రాదు. చెడ్డది కాదు, మామూలు మంచి బంతిలా పనిచేస్తుంది, అంతే. కవర్ కింద ఉన్న గుర్తు కెమెరాకి కనబడదు. దాని కోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు.

కెమెరా పద్ధతి వేరు. బంతి క్లబ్‌ని వదిలిన వెంటనే చాలా తక్కువ తేడాతో వరసగా ఫొటోలు తీస్తుంది. మొదటి ఫొటోలో ఉన్న లోగో లేదా డింపుల్స్ రెండో ఫొటోలో ఎంత జరిగాయో చూసి స్పిన్ చెబుతుంది. వెయ్యో వంతు సెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తే, పైన చెప్పిన వెడ్జ్ బంతి 56 డిగ్రీలు తిరిగి ఉంటుంది, డ్రైవర్ బంతి 16 డిగ్రీలు. కంటికి కనబడే కదలికే ఇది. కానీ ఫొటోల మధ్య తేడా 5 మిల్లీసెకన్లు అయితే వెడ్జ్ బంతి ముప్పావు చుట్టు దాటిపోతుంది. ముందు కనబడిన గుర్తు బంతి వెనక్కి వెళ్ళిపోతుంది, యంత్రం గందరగోళపడుతుంది. అందుకే మంచి కెమెరా యంత్రాలు అంత వేగంగా ఫొటోలు తీస్తాయి.

ఇక్కడ బంతి పని, కెమెరాకి తేలిగ్గా గుర్తుపట్టే ఆనవాలు ఇవ్వడం. ఖరీదైన యంత్రాలకి ఆ అవసరం కూడా లేదు. ఫోర్‌సైట్ వాళ్ళ జీసీ క్వాడ్ నాలుగు కెమెరాలతో మామూలు బంతినే చదివేస్తుంది. దానితో వచ్చే చుక్క స్టిక్కర్లు బంతికి కాదు, క్లబ్ ముఖానికి. కొత్తవాళ్ళు ఇక్కడ తరచూ పొరబడతారు. యునీకార్ వాళ్ళ క్యూఈడీకి మాత్రం స్పిన్ చదవాలంటే ప్రత్యేకంగా గుర్తులు ముద్రించిన బంతి కావాలి. అదే కంపెనీ ఐ ఎక్స్ఓ డింపుల్స్‌నే చదువుతుంది కాబట్టి అక్కర్లేదు. ఒకే కంపెనీలోనే ఇంత తేడా ఉందంటే, కొనేముందు మీ మోడల్ మాన్యువల్ చూడక తప్పదు.

ఆర్‌పీటీ, ఆర్‌సీటీ ఒకటేనా?

కాదు. ఒక్క అక్షరమే తేడా, పని మాత్రం పూర్తిగా వేరు. ఆర్‌పీటీ అంటే ర్యాప్సోడో ప్రెసిషన్ టెక్నాలజీ. 2023లో వచ్చిన ర్యాప్సోడో కంపెనీ ఎమ్ఎల్ఎమ్2 ప్రో అనే యంత్రం రాడార్‌నీ కెమెరాలనీ కలిపి వాడుతుంది. స్పిన్ భాగం కెమెరాది. దాని కోసం బంతి పైన ఒక ప్రత్యేకమైన గుర్తుల వరస ముద్రిస్తారు. కాల్అవే క్రోమ్ సాఫ్ట్ ఎక్స్ మీద ఆ ముద్ర ఉన్న బంతులు ఈ యంత్రంతో వచ్చాయి. అది సిరా, కంటికి కనబడుతుంది. ఆర్‌సీటీ గుర్తు లోపల ఉంటుంది, కంటికి కనబడదు. ఒకదాని యంత్రానికి ఇంకొకటి పెడితే పెద్దగా ఫలితం ఉండదు. కొనేటప్పుడు తొందరలో అక్షరం చూసుకోకపోతే డబ్బు దండగ.

లోహపు స్టిక్కర్ అతికిస్తే సరిపోదా?

రాడార్ యంత్రానికి సరిపోతుంది. ఆర్‌సీటీ రాకముందు అందరూ చేసింది అదే. ఫ్లైట్‌స్కోప్ మెవో ప్లస్ లాంటి వాటికి ఇప్పటికీ గుండ్రటి చిన్న లోహపు చుక్కలు వాడతారు. సూత్రం ఒకటే, చుక్క లోపల కాకుండా పైన ఉంటుంది.

ఇబ్బందులు మూడు. మొదటిది, ఊడిపోతుంది. గట్టిగా కొట్టిన కొన్ని షాట్లకే అంచు లేస్తుంది, లేచిన స్టిక్కర్ ఉన్న బంతి స్క్రీన్‌కి కూడా మంచిది కాదు. రెండోది, చుక్క సరిగ్గా క్లబ్ తగిలే చోట ఉంటే ముఖానికీ కవర్‌కీ మధ్య పట్టు మారిపోతుంది, స్పిన్నే మారిపోతుంది. కొలవడానికి పెట్టిన వస్తువే కొలతని చెడగొట్టినట్టు. మూడోది చాలామందికి తట్టదు. బంతి పక్కకి, అంటే అది తిరిగే ఇరుసు చివర చుక్క ఉంటే, అది తిరుగుతున్నా దాదాపు ఒకే చోట ఉంటుంది. రాడార్‌కి ఏ మార్పూ కనబడదు. బొంగరం నడినెత్తిన చుక్క పెడితే ఏం ప్రయోజనం? పక్కన పెట్టాలి. అలాగే ఇక్కడ కూడా చుక్క కుడి ఎడమ పక్కలకి కాకుండా, వెనక క్లబ్ తగిలే చోట కాకుండా, బంతి నడిమి గీత మీద ఉండాలి. ఖచ్చితంగా ఎటు చూడాలో ప్రతి పరికరం మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది, దాన్నే పాటించండి.

మార్కర్ పెన్నుతో గీత గీసుకుంటే?

రాడార్‌కి సిరా కనబడదు. కెమెరాకి కనబడుతుంది. లోగోని చూసి చదివే పాత కెమెరా యంత్రాలతో ఒక ముదురు గీత నిజంగానే సాయం చేస్తుంది. నిబంధనలకి కూడా పెన్ను గీత అడ్డం కాదు.

స్పిన్ కాస్త తప్పుగా ఉంటే ఏమవుతుంది? దూరం ఎలాగూ చెబుతోంది కదా?

గదిలో దూరం కొలవరు. బంతి 3 మీటర్లు వెళ్ళి స్క్రీన్‌కి తగిలి కింద పడింది. తెర మీద కనిపించే 230 గజాలు, ఆ మొదటి కొద్ది క్షణాల అంకెల నుంచి కట్టిన లెక్క. ఆ లెక్కలో వేగం, కోణం తర్వాత పెద్ద పాత్ర స్పిన్‌ది. వెనక్కి తిరిగే బంతి పైన గాలి వేగం పెరిగి, కింద తగ్గి, బంతిని పైకి లేపుతుంది. స్పిన్ మరీ ఎక్కువైతే పైకి లేచి, ముందుకు వెళ్ళకుండా నిలబడిపోతుంది. తక్కువైతే తేలకుండా త్వరగా దిగిపోతుంది.

డ్రైవర్ దగ్గర తప్పు స్పిన్ మిమ్మల్ని దూరం విషయంలో మోసం చేస్తుంది. వెడ్జ్ దగ్గర ఇంకో రకం మోసం ఉంది. క్యారీ (బంతి గాల్లో వెళ్ళే దూరం) దాదాపు సరిగ్గానే వస్తుంది, కానీ పడ్డాక బంతి ఆగుతుందా, దొర్లుతుందా అన్నది తప్పు చెబుతుంది. సిమ్యులేటర్‌లో గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద టక్కున ఆగే షాట్ నిజం గ్రీన్ మీద వెనకాల ఇసుకలోకి వెళ్ళిపోతుంది.

నా యంత్రం కొలుస్తోందా, అంచనా వేస్తోందా అని ఎలా తెలుసుకోవాలి?

నేను ఈ పాఠం కాస్త కష్టపడే నేర్చుకున్నాను. ఒక ప్రాక్టీస్ గదిలో రాడార్ ముందు చాలా వారాలు డ్రైవర్ కొట్టాను. ప్రతిసారీ స్పిన్ 2,600 దరిదాపుల్లోనే. ఎంత బాగా కొడుతున్నానో అని మురిసిపోయాను. బయటికి వెళ్తే బంతి గాలిపటంలా లేచి అక్కడే పడుతోంది. తర్వాత స్టిక్కర్ వేసిన బంతితో అదే గదిలో కొడితే 3,400 అని చూపించింది. అంతకుముందు చూసిన అంకెలన్నీ అంచనాలే. కింద మూల చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది, నేనే చూడలేదు.

అందుకే ఈ పరీక్ష చేయండి. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి వెనక ఒక చుక్క పెట్టి కొడితే, డ్రైవర్ ముఖం మీద ఎక్కడ తగిలిందో ముద్ర పడుతుంది. కొన్ని షాట్లు ముఖం పై భాగంతో, కొన్ని కింది భాగంతో తగిలేలా కొట్టండి. డ్రైవర్‌లో పై భాగంతో తగిలితే బంతి ఎక్కువ కోణంలో లేచి స్పిన్ తగ్గుతుంది, కింది భాగంతో తగిలితే స్పిన్ పెరుగుతుంది. ముఖం వంపు వల్ల, క్లబ్ బరువు మధ్యకి దూరంగా తగలడం వల్ల ఇది ఎప్పుడూ జరిగేదే. యంత్రం నిజంగా కొలుస్తుంటే రెండు రకాల షాట్లకీ మధ్య వందల్లో తేడా చూపించాలి. అన్నిటికీ దగ్గరదగ్గరగా ఒకే అంకె చూపిస్తుంటే అది సూత్రం చెబుతున్న మాట. ఈ పరీక్షకి మామూలు బంతితో ఒక పది, గుర్తున్న బంతితో ఒక పది కొడితే బొమ్మ పూర్తిగా తెలిసిపోతుంది.

ఇంకో తేలికైన పద్ధతి, సాఫ్ట్‌వేర్‌లో కావాలని తప్పు క్లబ్ పేరు ఎంచుకోవడం. 7 ఐరన్ కొడుతూ వెడ్జ్ అని పెట్టండి. స్పిన్ అమాంతం పెరిగితే దొంగ దొరికినట్టే.

రేంజ్ బంతులు, పాత బంతులు వాడుకోవచ్చా?

వాటిని గదిలో కొట్టి వచ్చిన అంకెలతో క్లబ్బులు ఎంచుకోకండి. ప్రాక్టీస్ మైదానాల్లో ఇచ్చే రేంజ్ బంతి కవర్ గట్టిగా ఉంటుంది, ఎక్కువకాలం రావాలని అలా చేస్తారు. మెత్తటి యూరథేన్ కవర్ ఉన్న బంతితో పోలిస్తే వెడ్జ్ స్పిన్ బాగా తక్కువ. యంత్రం దాన్ని సరిగ్గానే కొలిచినా, కొలిచేది మీరు ఆడని బంతిని. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు బంతి రకాన్ని బట్టి అంకెలు సర్దే ఏర్పాటు ఇస్తాయి. అది సగటు సర్దుబాటు, దూరానికి పర్వాలేదు, స్పిన్ విషయంలో నేను దాని మీద ఆధారపడను.

పాత బంతి సంగతి వేరు. గీతలు పడిన కవర్ వల్ల స్పిన్ ఒక్కో షాట్‌కి ఒక్కోలా వస్తుంది, కెమెరాకి ముద్రలు చెరిగిపోయి కనబడవు. మీ స్వింగ్ బాగోలేదేమో అని దిగులు పడేముందు బంతిని ఒకసారి తుడిచి చూడండి. బంతితో పాటు క్లబ్ ముఖం కూడా. తడి, మట్టి ఉన్న వెడ్జ్ గీతలు స్పిన్‌ని ఎంత మార్చగలవంటే, ఏ బంతి ఖరీదూ దాన్ని పూడ్చలేదు.

పసుపు బంతులు, మెరుపు లేని బంతులు?

రాడార్‌కి రంగుతో పనిలేదు. కెమెరా యంత్రాల్లో కొన్ని వాటిని చదవడానికి ఇబ్బంది పడతాయి. మీ కెమెరా షాట్లు మిస్ అవుతుంటే ముందు తెల్ల బంతి పెట్టి చూడండి.

గది చిన్నది. మంచి బంతి కొంటే ఆ లోటు తీరుతుందా?

కొంతవరకే. బంతి వెళ్ళే దూరం ఎంత తగ్గితే చుట్లు అంత తగ్గుతాయి. 3 మీటర్లలో 1.8 చుట్లు తిరిగే డ్రైవర్ బంతి 2 మీటర్లలో 1.2 మాత్రమే తిరుగుతుంది. లోపల ఎంత మంచి గుర్తున్నా, అది ఒక్కసారి కనబడి మాయమైతే యంత్రం ఏం చేస్తుంది? గార్మిన్ ఆర్10 లాంటి రాడార్‌ని బంతికి 6 నుంచి 8 అడుగుల వెనక పెట్టాలి, ముందు కనీసం 8 అడుగుల ఖాళీ ఉండాలి. అంటే స్క్రీన్ వెనక ఖాళీ కాకుండానే 14 నుంచి 16 అడుగులు. అంత పొడవు లేని గదిలో రాడార్ కోసం తిప్పలు పడేకన్నా బంతి పక్కన పెట్టే కెమెరా యంత్రం తీసుకోవడం మేలని నా అభిప్రాయం. అప్పుడు ఈ బంతుల గొడవలో సగం ఉండదు.

దూరం ఉన్నా సరిగ్గా రావట్లేదంటే గదిలో తిరుగుతున్న వస్తువుల మీద అనుమానపడండి. డాప్లర్ రాడార్‌కి కదిలే ప్రతిదీ కనబడుతుంది. ఫ్యాను రెక్కలు దానికి గోలే, కదలకపోయినా ట్యూబ్‌లైట్లు కూడా అంతే. ఫ్యాను ఆపి పది షాట్లు కొట్టి చూడండి. చెమట పడుతుంది, కానీ కారణం తెలుస్తుంది.

బంతి వంకర తిరగడం, అంటే స్లైస్, హుక్ కూడా ఈ బంతులతో సరిగ్గా తెలుస్తాయా?

ఇది స్పిన్ ఎంత అన్నదాని కంటే కష్టమైన ప్రశ్న. బంతి వంపు, అది తిరిగే ఇరుసు ఎటు ఒరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. మైదానంలో రాడార్ బంతి దారినే చూస్తుంది కాబట్టి వంపు కళ్ళ ముందే ఉంటుంది. గదిలో ఆ దారి లేదు. లోపల గుర్తున్న బంతి చుట్ల లెక్కని స్పష్టం చేస్తుంది, ఒరుగుని కాదు. ఒరుగు కోసం చాలా రాడార్లు క్లబ్ దారి, ముఖం కోణం చూసి లెక్క కడతాయి. ముఖం అంచుతో తగిలిన షాట్లలో ఆ లెక్క తప్పే అవకాశం ఎక్కువ. కెమెరాకి ఇక్కడ పైచేయి. బంతి మీద గుర్తు ఎటు జరిగిందో నేరుగా చూస్తుంది కాబట్టి వేగం, ఒరుగు రెండూ ఒకే ఫొటోల జతలోంచి వస్తాయి.

ఈ బంతులతో కోర్సులో ఆడొచ్చా?

ఫ్యాక్టరీలో తయారైన గుర్తు బంతి అయితే గోల్ఫ్ నిబంధనలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ ప్రచురించే ఆమోదిత బంతుల జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో చూసుకోండి. జాబితాని తరచూ మారుస్తుంటారు. కొలతల నిబంధన అన్నిటికీ ఒకటే, బరువు 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

మీరు స్టిక్కర్ అతికించిన బంతిని మాత్రం ఆటలోకి తేవద్దు. బంతి తీరుని కావాలని మార్చడాన్ని 4.2ఎ నిబంధన ఒప్పుకోదు. స్టిక్కర్ బంతుల్ని వేరే డబ్బాలో పెట్టుకోవడం నయం, పొరపాటున జేబులోకి వచ్చేయకుండా.

ఎన్ని బంతులు కావాలి? ఎంతకాలం వస్తాయి?

గదిలో బంతి పోదు, అదే దీనిలోని సుఖం. ఒకే మోడల్‌వి మూడు చాలు, తిప్పి తిప్పి వాడుకోవచ్చు. డజను కొంటే మిగిలినవి డబ్బాలోనే ఉంటాయి. కవర్‌కి వెడ్జ్ గాట్లు పడగానే, లేదా పైన ముద్ర చెరగగానే వాటిని చిప్పింగ్‌కి, అంటే దగ్గరి చిన్న షాట్ల ప్రాక్టీస్‌కి, పంపేయండి. లోపల గుర్తున్న బంతికి ముద్ర చెరిగే బాధ లేదు, గాట్లే దాని వయసు.

పటింగ్‌కి కూడా ఇవే పెట్టాలా?

అక్కర్లేదు. పుట్ తగిలిన బంతి దొర్లుతుంది, గాల్లో తేలదు, స్పిన్ లెక్కతో దూరం కట్టే పనిలేదు. అక్కడ యంత్రానికి కావాల్సింది వేగం, దిశ. ఏ శుభ్రమైన బంతైనా సరే.